ఇంటి సామాను పటములు

పాతకాలపు వస్తువులయెడ మనవారికి ఈ నడుమ గొప్ప ప్రేమ పుట్టుకొని వచ్చినది. పట్టణములలో క్రొత్తగా మేడలు కట్టుకొన్నవారు తాతలనాటి యిత్తడి బిందెను తళతళలాడ తోమించి ముంగిటి గదిలో పూలకుండీగా నిలుపుచున్నారు. భోజనహోటళ్ళవారు చేటలను, జల్లెడలను గోడలకు దిగగొట్టుచున్నారు. చదువుకొన్నవారు పందొమ్మిదవ శతాబ్దమున చెంబులను, హుక్కాలను, దీపపు సెమ్మెలను గీసిన పటముల నకళ్ళను తెప్పించి, అద్దములు కట్టించి వ్రేలాడదీయుచున్నారు. ఇదియంతయు పూర్వుల గృహజీవనమును కాపాడుటయని వారి నమ్మకము. మేము దీని నంగీకరింపజాలము. ఆ పటములు చెప్పునది సగము సాక్ష్యము. మిగిలిన సగమును నాడు గీసినవారు విడిచిరి, నేడు తగిలించుకొన్నవారు అడుగుట లేదు. విడువబడిన సగము మన యిండ్ల ఆడువారిదియు, పనివారిదియు గనుక మేము కలము పట్టవలసి వచ్చినది.

కదలని వస్తువులను గీయు ఈ విద్యకు ఇంగ్లీషువారు స్టిల్ లైఫ్ అని పేరిడిరి. దానికి మూలమైన డచ్చి మాటకు నిశ్చలమైన జీవితమని యర్థము. ఫ్రెంచివారు దానినే నేచర్ మోర్ట్, అనగా చచ్చిన ప్రకృతి, యందురు. వస్తువు కదలకున్నను దానిలో జీవితమున్నదని యొకరు, లేదని యొకరు. మా వాదమంతయు ఈ రెండు పేర్ల నడుమనే యున్నదని చదువరులు గ్రహింతురుగాక.

1800 సంవత్సరమున నైజాము ప్రభువు దత్తమండలములను కంపెనీవారి కప్పగించెను. కడప సీమయు అందులోనిదే. ఆ వెనుక వచ్చిన దొరలు దేశమును చూచి యూరకుండలేదు; కొలిపించిరి, వ్రాయించిరి, గీయించిరి. కల్నల్ కాలిన్ మెకంజీ 1821లో చనిపోవునాటికి కూర్చిన చిత్రములు వేయికి మించియున్నవి. అవి లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రముగా నున్నవి. వానిలో కోటలు, కోవెలలు, విగ్రహములు, శాసనములు, నానాజాతుల వేషములు ప్రధానములు. మన ఏలూరి సోదరులు కావలి వెంకట బొఱ్ఱయ్య, లక్ష్మయ్యగార్ల పూనికతో గ్రామగ్రామమున వ్రాయించిన కైఫీయత్తులలో దేవాలయమాన్యములు, చెఱువులు, పాళెగాండ్ర కలహములు, శిస్తు లెక్కలు దండిగా గలవు. కడప జిల్లా కైఫీయత్తులు ఇప్పుడు అచ్చుపడి సంపుటములుగా దొరకుచున్నవి. మా తండ్రులనాటి కోటకు బురుజు లెన్నియో తెలిసికొనుటకు ఇంతకంటె మంచి యాధారము లేదు. ఆ కోటలోపలి వారికి పిండి విసరినదెవరో ఎఱుగుటకు మాత్రము అవి చాలవు. మెకంజీగారి శ్రమను మేము తక్కువ చేయుట లేదు. ఆయన యడిగినది ఒకటి, మనకు కావలసినది మఱియొకటి.

ఇంటి వస్తువు చిత్రములోనికి వచ్చినది వేఱొక త్రోవను. తంజావూరు, తిరుచిరాపల్లి మొదలగు తావుల చిత్రకారులు దొరలకును, దొరసానులకును పటముల పొత్తములు గీసి యమ్ముచుండిరి. తంజావూరి చిత్రకారులలో తెలుగు మాటలాడు రాజులు పేరెన్నికగన్నవారు. వారి కుంచె సామాన్యమైనది కాదు. చీర కుచ్చిళ్ళలోని యద్దకపు పువ్వును గూడ విడువక దించిరి. ఆ పొత్తములలో పుటకొక జంట: కుమ్మరి, కుమ్మరిభార్య, సాలెవాడు, సాలెవాని భార్య, మంగలి, చాకలి, కల్లుగీయువాడు. ప్రతివాని చేతను ఒక పనిముట్టు. చూచుటకు ముచ్చటయే. కాని ఆ పనిముట్టు అచ్చట పనికొఱకు లేదు, కులము నానవాలు పట్టుటకున్నది. కుండ కుమ్మరికి గుఱుతు, కత్తి మంగలికి గుఱుతు. ముంతను తీసివేసినచో గీతవాడెవడో దొరకు తెలియదు. అంతమాత్రము చేతనే ముంత గీయబడినది. ఇట్లు మన వస్తువులు చిత్రమున అడుగు పెట్టిననాడే మెడలో కులపు బిళ్ళ కట్టించుకొని పెట్టినవి. నేటి యలంకారప్రియులు ఆ పటములను అందముకొఱకు కొనుచున్నారే గాని యీ బిళ్ళను చూచుచున్నట్లు లేదు.

పిమ్మట వస్తువును మనిషినుండి విడదీసి గీయు కాలము వచ్చినది. 1850లో అలెగ్జాండరు హంటరను వైద్యుడు మదరాసులో చిత్రకళాపాఠశాలను నెలకొల్పెను. 1855లో దానిని దొరతనమువారు తమ యధీనము చేసికొనిరి. నేడు చెన్నపట్టణమునందలి ప్రభుత్వ లలితకళాశాల అదియే. లండనులో 1851న, మదరాసులో 1855, 1857 సంవత్సరములలో వస్తుప్రదర్శనములు జరిగెను. మన చెంబులు, గిన్నెలు, చాపలు, బుట్టలు బల్లలకెక్కి నంబరు చీటీలు తగిలించుకొన్నవి. ప్రదర్శనశాలలో చెంబునకు వెల గలదు, లోహము గలదు, దొరకు తావు గలదు. దానితో నీళ్ళు ముంచినవారు లేరు. ఇక దక్షిణ కెన్సింగ్టను పద్ధతిని అనుసరించిన చిత్రలేఖన పాఠములు ఘనములు, శంకువులు, స్తంభములు, సున్నపు బొమ్మలు అనువానితో నడచినవి. బాలుడు మొదట గీత, పిదప వట్రువ, పిదప నీడ నేర్చుకొనును. ఈ సాధన నిష్ప్రయోజనమని మే మనము. చేతికి అదుపు వచ్చుటకు అది మంచిదే. కాని నూటయేబది యేండ్లు గడచినను మన డ్రాయింగు తరగతి అక్కడనే కూలబడియున్నది. పిల్లవాడు ఎన్నడును చూడని ద్రాక్షసారా కూజాను, బల్లపై మడతలుపెట్టి పఱచిన గుడ్డను, నడుమ నొక ఆపిలుపండును అచ్చుపుస్తకము చూచి దించుచున్నాడు. అతని యింటి వంటసాలలో నున్న రుబ్బురోలు చిత్రమునకు తగదని అతనికెవరు చెప్పిరో! ఎవరును చెప్పియుండరు. చెప్పకయే నేర్పుట మన చదువులకు గల యొక చమత్కారము.

పాశ్చాత్యులు గూడ నిట్లే గీసిరా యన్నచో, అందఱు నిట్లు గీయలేదు. ఫ్రాన్సు దేశమున పదునెనిమిదవ శతాబ్దమునందలి షార్డెను తన వంటింటి రాగి తొట్టిని గీసెను. అది రాజుల వెండిసామాను గాదు. తొట్టి క్రింద నీళ్ళు పట్టు చిన్న బాల్చి, ప్రక్కన ముంచుకొను గరిటెయు నున్నవి. పటములో మనిషి లేడు. అయినను ఇప్పుడే యెవరో నీళ్ళు పట్టుకొని పోయినట్లుండును. 1886లో విన్సెంట్ వాన్గో ఒక జత పాతజోళ్ళను గీసెను. నడచిన కాలి బరువంతయు ఆ తోలు ముడుతలలో కనబడుచున్నది. మనము వారి పండ్లను, కూజాలను తెచ్చుకొంటిమి, ఆ చూపును ఓడలోనే విడిచిపెట్టితిమి.

మనదేశమునందు ఈ పనిని గట్టిగా చేసినవాడు గ్రియర్సను. 1885లో ఆయన ప్రకటించిన బిహారు రైతుల జీవనగ్రంథము నాగలినుండి తిరుగలివఱకు ఒక్కొక్క వస్తువును, దాని యొక్కొక్క భాగమును, ఊరూర దానికి గల పేళ్ళతో బొమ్మలతో సహా వివరించుచున్నది. మనకు అట్టి గ్రంథము ఆ శతాబ్దమున లేదు. కడపలో 1820లో కాలిడిన చార్లెసు ఫిలిప్పు బ్రౌను 1852 నాటి నిఘంటువులో కావ్యపదముల ప్రక్కన వంటింటి పదములకు గూడ చోటిచ్చెను. మన పండితులలో చాలమంది చేయనొల్లని పని యది. మాటలు నిలిచినవి, బొమ్మలు లేవు. తరువాత నూరేండ్లు దాటిన పిమ్మట భద్రిరాజు కృష్ణమూర్తిగారి పూనికతో మాండలిక వృత్తిపదకోశము వెలువడెను; వ్యవసాయపదములు 1962లోను, చేనేతపదములు 1971లోను అచ్చయినవి. నాగలికి, మగ్గమునకు దక్కిన గౌరవము పొయ్యికి దక్కుటకు ఇంకను వేచియుండవలసి వచ్చినది. పొయ్యి వృత్తి కాదు గదా! జీతము లేని పనిని వృత్తియని యెవరు పిలుతురు?

ఇప్పుడు మా సీమకు వత్తుము. ప్రొద్దుటూరి పొరుగున కుందూనది నానుకొనియున్న రాజుపాలెము చుట్టుపట్ల గ్రామములలో మేము కొన్ని యిండ్ల అటకలు దింపించి చూచితిమి. అది నల్లరేగడి నేల. జొన్న, కొఱ్ఱ, ప్రత్తి, శనగ పండునట్టిది. అటకమీది వస్తువులలో మమ్ము నెక్కువ నిలిపినది విసురురాయి. కోస్తావారు దీనినే తిరుగలి యందురు. రెండు గుండ్రని రాళ్ళు; క్రిందిదానికి నడుమ మేకు, పైదానికి గింజలు పోయు కన్నము, అంచున నొక కొయ్యపిడి. పందొమ్మిదవ శతాబ్దపు చిత్రకారుడు దీనిని గీసియుండినచో రెండు వట్రువలు, ఒక పిడి, కుడివైపున నీడ గీసి ముగించెడివాడు. కాని యా రాయిని తిప్పి చూడుడు. పైరాయి ఒకవైపున బెత్తెడు, మఱియొకవైపున మూడువ్రేళ్ళు మాత్రమే మందమున్నది. రాతిని అరుగగొట్టుటకు ఎన్ని జొన్నలు పోసియుండవలెను! ఎన్ని తెల్లవాఱుజాములు కావలెను! పిడి నున్నగా అద్దమువలె నున్నది; అది వడ్రంగి చిత్రిక కాదు, అఱచేతి చిత్రిక. రాతి యడుగున గంట్లు కొట్టిన గుఱుతులు ఒకదానిమీద నొకటి పడియున్నవి. గంట్లు కొట్టుటకు వీధివెంట కేకవేయుచు వచ్చెడివారు ఎవరు, వారికి కూలిగా ఎన్ని గింజలు పోసెడివారు, ఆ గింజలను చేతికిచ్చిరా, కొంగులో పైనుండి వదలిరా? రాతిని చక్కగా గీయువానికి ఈ ప్రశ్నలు పుట్టక తప్పదు. పుట్టలేదన్నచో అతడు చక్కగా చూడలేదు.

సంగటి కట్టెయు నిట్టిదే. కుతకుత యుడుకు పిండిని ముద్దకట్టకుండ కలియబెట్టుటకు భుజబలము కావలెను. ఏండ్ల తరబడి వాడిన కట్టె కొన ఏటవాలుగా అరిగియుండును. కుడిచేతివాటము గలవారు వాడినదా, ఎడమచేతివాటము గలవారు వాడినదా యని దానినిబట్టి చెప్పవచ్చును. ఒక యింట రెండు వాలులు గల కట్టెను చూచితిమి. అత్తగారిది కుడిచేయి, కోడలిది ఎడమచేయి యని యింటివారు నవ్వుచు చెప్పిరి. రాజుల వంశవృక్షములను అచ్చొత్తించు మనము ఇట్టి చరిత్రను పొయ్యిలో వంటచెఱకుగా వేయుచున్నాము.

ఇత్తడి, రాగి పాత్రలను గుఱించి కొంత విడిగా చెప్పవలసియున్నది. ఇది రూపాయలతో గూడిన మాట. పాత్రలమీద పేళ్ళు చెక్కించుట మనలో నాచారము. మేము చూచిన బిందెలమీద, తప్పేలలమీద ఎక్కువగా కనబడినవి ఇంటి యజమాని పేరు, కానిచో కానుక యిచ్చినవారి పేరు. మోసినామె పేరు అరుదు. అది యున్నచోట ఫలానివారి భార్య యనియో, ఫలానివారి కోడలనియో యున్నది. ఆ పాత్ర పుట్టినింటినుండి సారెగా వచ్చినదై యుండవచ్చును. ధర్మశాస్త్రము దానిని స్త్రీధనమన్నది. ఆచరణమున నేమి జరుగును? పంట పోయినయేడు మొదట తాకట్టునకు పోవునది ఆ బిందెయే. 1876 మొదలు 1878 వఱకు వచ్చిన మహాక్షామమునందు మదరాసు రాజధానిలో ఘోరముగా దెబ్బతిన్న జిల్లాలలో బళ్ళారి, కర్నూలు, కడప ముందున్నవి. పశువులు, నగలు, ఇంటి పాత్రలు అన్నియు దొరకిన ధరకు పోయినవి. ఆ క్షామకాలముననే హూపరను సైనికోద్యోగి మదరాసు ప్రాంతపు కరవుపీడితులను, ఎముకలగూళ్ళవలె నున్నవారిని, వరుసగా కూర్చుండబెట్టి ఛాయాచిత్రములు తీసెను. వస్తువును మనిషినుండి విడదీసి చూచుట కలవాటుపడిన కంటికి తుదకు మనిషియే వస్తువువలె కనబడుట వింతగాదు.

1985లో కేంద్రప్రభుత్వమువారు వరకట్న నిషేధచట్టము క్రింద నొక నియమావళిని చేసిరి. వధూవరులకు వచ్చిన కానుకల పట్టికను పెండ్లినాడే వ్రాసి, వస్తువు, దాని యించుమించు విలువ, ఇచ్చినవారి పేరు నమోదుచేసి సంతకములు పెట్టవలెను. వధువునకు వచ్చినదానిని వధువే పెట్టుకొనవలెను. ఎన్ని పెండ్లిండ్లలో ఈ పట్టిక వ్రాయుచున్నారో మా చదువరులు తమ యింటి పెండ్లిని తలచుకొని తామే చెప్పుకొనవచ్చును. విందునకు వచ్చిన ఆకుల లెక్క గలదు, ఫొటోల పుస్తకమునకు వేలు గలవు. అమ్మాయి వెంట పంపిన పాత్రల పట్టిక అడిగినచో అపశకునమందురు. వస్తుచిత్రమును మేము కోరుటకు ఇదియొక కారణము. ప్రతి పాత్రను కొలతతో, సొట్టతో, చెక్కిన యక్షరములతో గీసి, క్రింద ఆమె పేరు వ్రాసి, ఇరువైపులవారు చేవ్రాలు చేసిన పుస్తకము రేపు వివాదము వచ్చిననాడు ఆమెకు ఆధారముగా నుండును. ఇది కళ కాదు, లెక్క యని యెవరేని అందురేమో. లెక్క తప్పిన కళతో మన యాడుపిల్లలు చాలకాలము బ్రతికిరి.

ఇంటిలోని వస్తువుల మాట యిది. ఇంటి వెలుపల చూరున చెక్కియుంచిన వస్తువొకటి గలదు. దానిని గీయువారు ఇంతవఱకు మా కగపడలేదు. కూలికి వచ్చిన దళితుడు నీళ్ళడిగినపుడు అతడే తీసికొని, త్రాగి, కడిగి, మరల అచ్చటనే చెక్కవలసిన గ్లాసది. కొన్నిచోట్ల అదియు లేదు. చెంబెత్తి దోసిట పోయుదురు. టీయంగళ్ళలో రెండు వరుసల గ్లాసులు నడచినవి. 1950లో అమలైన రాజ్యాంగము పదునేడవ యధికరణము అస్పృశ్యతను రద్దుచేసినది, 1955 చట్టము దానిని నేరము చేసినది. చూరులోని గ్లాసు మాత్రము చట్టము చదువలేదు. ఆ తరువాతను చాలకాలము కదలలేదు. మా పెద్దలనాటి యిండ్లు ఎంత యందమైనవని వ్రాయువారు ఆ గ్లాసును గూడ పటములో నుంచవలెనని మా పట్టుదల. తంజావూరి చిత్రకారుడు కులమును చూపుటకు ముంతను గీసెను. మనము కులము చేసిన పనిని చూపుటకు గ్లాసును గీయవలెను. బిందెను గీసి గ్లాసును విడిచినవాడు అబద్ధపుసాక్షి.

ఒక యాక్షేపణ వినబడుచున్నది: చేతిలో సెల్ ఫోనుండగా గంటలకొలది కూర్చుండి గీయుటెందుకు? ఫొటో తీయుడు, వద్దనము. కాని ఫొటో తీయువాడు అరక్షణములో లేచిపోవును. గీయువాడు కొలవవలెను, త్రిప్పి చూడవలెను, లోపల చేయి పెట్టవలెను, ఈ కన్నమేమిటని అవ్వ నడుగవలెను. కెమెరా చూపలేని లోపలి కోతను గీత చూపును. గంట కూర్చుండినందుచేత అవ్వ ముందు చెప్పనిది చెప్పును. మేము ఫలము నందినది ఎక్కువగా ఆ గంటలోనే.

రెండవ యాక్షేపణ సంస్కారులనుండియే వచ్చుచున్నది. విసురురాయి స్త్రీల బానిసత్వమునకు గుఱుతు, దానిని పొగడుట తిరోగమనము గాదా యని. మేము విసురురాయికి మిత్రులము గాము. మిక్సీ వచ్చిననాడు, 1999లో దీపము పథకము క్రింద పేద స్త్రీలకు గ్యాసు పొయ్యిలు వచ్చిననాడు ఎంతో సంతసించితిమి. ఆ రాయిని మరల త్రిప్పుమని యెవరేని కోడలితో ననినచో వారితో మొదట కలహించువారము మేమే. త్రిప్పక విడిచిన రాయి ఎంత అరిగినదో వ్రాసిపెట్టుడని మాత్రము మా కోరిక. కాదన్నచో ఇరువదియేండ్లలో ఈ పిడి పట్టినవారు ఒక్కరును మిగులరు. అప్పుడు హోటలు గోడమీద చేటను చూచిన పిల్లలు ఆ కాలమున అంతయు సుఖమే యనుకొందురు.

1958లో భారతప్రభుత్వము కోరగా అమెరికానుండి వచ్చిన ఈమ్స్ దంపతులు తమ నివేదికలో మన చెంబును మెచ్చుకొనిరి. అది యొక్కరు చేసినది గాదు, తరతరములవారు తీర్చినదని వారి భావము. ఎంత నీరు పట్టవలెను, ఎట్లు మోయవలెను, ఎట్లు వంపవలెను, పట్టుకొను చేయి ఎంతటిది, ఎంత బలముగలది, ఆడచేయియా మగచేయియా యని వరుసగా ప్రశ్నలు వేసికొనిరి. మూడేండ్లకు అహ్మదాబాదులో జాతీయ డిజైను సంస్థ వెలసినది. పరదేశమునుండి వచ్చినవారు చేతిని అడిగిరి. ఆ చెంబుతోనే పెరిగిన మనకు అడుగుటకు సిగ్గెందుకు?

గ్రామపాఠశాలల డ్రాయింగు పంతుళ్ళకును, ఇండ్లలోని తలిదండ్రులకును మా విన్నపము క్లుప్తమైనది. ఈ సంక్రాంతి సెలవులలో పిల్లచేత ఒక గీతలులేని నోటుపుస్తకము, పెన్సిలు, కొలబద్ద పట్టించుడు. తోమని వస్తువును గీయించుడు. మసియు, సొట్టయు, మాటువేసిన చోటును రావలెను. ప్రతి బొమ్మ క్రింద ఆ యూరిలో దానికి గల పేరును అక్కడివారు పలికినట్లే వ్రాయవలెను. ఇసుర్రాయి యన్నచో ఇసుర్రాయియే, దిద్దబనిలేదు. ఎవరు చేసిరి, ఎవరు కొనిరి, దినమున కెంతసేపు ఎవరు వాడిరి, ఎవరు తాకరాదనిరి అనునవి వ్రాయవలెను. ఒక ప్రతి బడిలో నుంచి, ఒక ప్రతిని కడపలో బ్రౌను నివసించిన తావుననే నెలకొన్న సి.పి. బ్రౌను గ్రంథాలయమున కందజేయవచ్చును. పుస్తకమునకు అట్ట వేసినపుడు మీదను ఇంటి యజమాని పేరు వ్రాయకుడు. లోపలి వస్తువులను వాడినవారి పేళ్ళు, కూలికి వచ్చినవారివి గూడ, తెలిసినంతవఱకు వ్రాయుడు.